చెక్క కుళ్లినా ఓడ దొరుకుతుంది: వైకింగ్ ఓడ సమాధులను ఎలా చదువుతారు

స్కాండినేవియా సముద్రయోధులైన వైకింగులు తమలో కొందరిని ఓడతో సహా పాతిపెట్టేవారు. ఆ ఓడ సమాధుల గురించి మీరు అడిగినవి మూడు. చాలాచోట్ల చెక్క కుళ్లిపోయింది, విలువైనవి దొంగలు ఎత్తుకుపోయారు, ఇక తవ్వి తెలుసుకునేదేముంది? ఓడ ఫలానా ఏడాదిదని అంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నారు? శవాన్ని ఓడలో పడుకోబెట్టి, నిప్పంటించి సముద్రంలోకి తోసేసేవారన్నది నిజమేనా?

మూడో ప్రశ్నకు జవాబు చిన్నది, ముందు అది చెబుతాను. మండుతున్న ఓడను నీళ్ల మీదికి వదిలేవారని చెప్పే పురావస్తు ఆధారం లేదు. ఓడను కాల్చడం మాత్రం ఉండేది, కానీ ఒడ్డున. 922 ప్రాంతంలో బాగ్దాద్ ఖలీఫా దూతగా వోల్గా నది దాకా వెళ్లిన ఇబ్న్ ఫద్లాన్ ఒక రుస్ (తూర్పు యూరప్ నదుల మీద తిరిగిన వైకింగులు) నాయకుడి అంత్యక్రియలు కళ్లారా చూసి రాశాడు. ఓడను నది నుంచి గట్టుకు లాగి, మీద గుడారం వేసి, శవాన్ని, బలి ఇచ్చిన జంతువులను, ఒక బానిస యువతిని అందులో ఉంచి కాల్చారు. బూడిద మీద మట్టిదిబ్బ పోశారు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో ఇల్ ద గ్రువా దీవిలో 1906లో తవ్విన దిబ్బ కింద దొరికిందీ ఇలా కాల్చిన ఓడే. నార్వేలో పేరున్న ఓసెబర్గ్, గోక్‌స్టాడ్ ఓడలను అసలు కాల్చనే లేదు. కాల్చకుండా పాతిపెట్టారు కాబట్టే మనకు అంత సమాచారం మిగిలింది.

ఇక మొదటి ప్రశ్న. ఓడ సమాధిని నిధి దొరికే గొయ్యిగా చూస్తే దొంగలు పోయాక అందులో ఏమీ లేనట్టే. పురావస్తు శాస్త్రజ్ఞులు దాన్ని అలా చూడరు. ఓడ కట్టిన కాలం ఒకటి, అది నీళ్ల మీద తిరిగిన కాలం ఒకటి, పాతిపెట్టిన రోజులు ఇంకొకటి, దిబ్బను పగలగొట్టిన కాలం మరొకటి. ఆ తర్వాత వెయ్యేళ్ల దున్నకం, మురుగు కాలువలు. ఇవన్నీ ఒకే గోతిలో ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. దొరికిన ప్రతి ముక్కా ఏ ఘట్టానిదో విడదీయడమే అసలు పని. బంగారం ఉందా లేదా అన్నది ఆ పనికి పెద్ద అడ్డం కాదు.

ఏది మిగులుతుందో నిర్ణయించేది మట్టి. ఓసెబర్గ్ ఓడ (తోన్స్‌బర్గ్ దగ్గర, 1904 తవ్వకం) నీలి బంకమన్ను మీద కూర్చుంది. పైన గడ్డివేళ్లతో సహా కోసిన మట్టి పెళ్లలు దట్టంగా పేర్చారు. గాలి లోపలికి పోలేదు, తడి ఆరలేదు, ఫంగస్ బతకలేదు. అందుకే 21.5 మీటర్ల ఓక్ ఓడ, చెక్కిన బండి, స్లెడ్జిలు, మంచాలు, బొమ్మలు నేసిన గుడ్డలు, చివరికి అడవి ఆపిల్ కాయలు కూడా దక్కాయి. అదే దిబ్బ బరువుకు ఓడ నలిగి ముక్కలు ముక్కలైందన్నదీ గుర్తుంచుకోవాలి. డెన్మార్క్‌లోని లాడ్బీలో నేల అలాంటిది కాదు. అక్కడ 1935లో బయటపడిన ఓడలో చెక్క దాదాపు పూర్తిగా పోయింది. మిగిలింది మట్టిలో ఓడ ఆకారం ముద్ర, సుమారు 2,000 ఇనుప రివెట్లు (పలకలను బిగించే మేకులు), లంగరు, ఓడ ముందు కొమ్ముకు బిగించిన ఇనుప జూలు చుట్టలు, 11 గుర్రాల ఎముకలు. ఇంగ్లండ్‌లో సటన్ హూ ఓడ కూడా ఇసుకలో ముద్రగానే దొరికింది. కాకపోతే అది వైకింగులది కాదు, వాళ్లకంటే దాదాపు రెండు వందల ఏళ్లు ముందుది.

చెక్క లేకపోతే ఓడ లేనట్టే అనుకునేవారికి ఒక్క రివెట్టును దగ్గరగా చూపించాలి. ఈ ఓడల పలకలు అంచు మీద అంచు ఎక్కేలా పరుస్తారు. బయటి నుంచి గుండ్రటి తల ఉన్న ఇనుప మేకు దూరుస్తారు. లోపలి వైపు దానికి నలుచదరపు ఇనుప బిళ్ల తొడిగి, మిగిలిన కొసను కత్తిరించి, సుత్తితో కొట్టి చదును చేస్తారు. పలకల మధ్య సందులో తారులో ముంచిన ఉన్ని పోగులు పెడతారు. వెయ్యేళ్ల తర్వాత మనకు దొరికేది బొటనవేలంత తుప్పు ముద్ద. ఆ తుప్పు చెక్క కుళ్లకముందే దాని నారల్లోకి ఇంకి, వాటి అచ్చును రాయిలా గట్టిపరిచి ఉంచుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే అది ఓక్ చెక్కా, పైన్ చెక్కా అన్నది తెలుస్తుంది. తల నుంచి బిళ్ల దాకా దూరం కొలిస్తే రెండు పలకల కలిపిన మందం వస్తుంది. ఆ దూరం 5 సెంటీమీటర్లు ఉంటే ఒక్కో పలక రెండున్నర సెంటీమీటర్లు. గోక్‌స్టాడ్ ఓడ పలకల్లో చాలావాటి మందం ఇంచుమించు ఇంతే. 23 మీటర్లకు పైబడిన ఓడకు అంత పల్చటి ఒళ్లు అన్నమాట.

ఒక వరసలో రివెట్లు సమాన దూరంలో వస్తూ వస్తూ ఒకచోట మూడు నాలుగు దగ్గరగా కుదురుకుంటే, అక్కడ రెండు పలకలను కొసలు కలిపి అతికారని అర్థం. వరసకు సంబంధం లేకుండా పొట్టి రివెట్లు గుంపుగా దొరికితే అది అతుకు, ఓడ పాతదై మరమ్మతు జరిగిందన్న గుర్తు. బాల్టిక్ దక్షిణ తీరంలో స్లావులు కట్టిన పడవల్లో ఇనుముకు బదులు చెక్క మేకులు, ఉన్నికి బదులు నాచు ఎక్కువగా కనిపిస్తాయి. అంటే ఎవరి చేతి పని అన్న ప్రశ్నకు కూడా తుప్పు ముద్ద కొంత జవాబు ఇస్తుంది.

ఇక్కడే తప్పులు కూడా ఎక్కువ. మొదటిది, తుప్పు ఉబ్బుతుంది. పైనుంచి కాలిపర్‌తో కొలిస్తే మందం ఎక్కువ వస్తుంది. ఎక్స్‌రే తీసి లోపలి అసలు లోహం అంచుల మధ్య కొలవాలి. రెండోది, రివెట్లు కనిపించగానే ఓడ అనేయడం. పాత పడవ పలకలను సమాధి గోతికి మూతగా వేసిన సందర్భాలున్నాయి. డెన్మార్క్‌లో కొందరు స్త్రీలను బండి తొట్టిలో పెట్టి పాతిపెట్టారు, ఆ తొట్టికీ ఇలాంటి రివెట్లే ఉంటాయి. రివెట్ల వరసలు రెండు కొసల దగ్గర కూడుతూ ఓడ గీత గీస్తేనే అది ఓడ. మూడోది, ఎక్కడ దొరికిందో ఎటు వంగి ఉందో రాసుకోకుండా రివెట్టును పీకేయడం. ప్రతి రివెట్టుకూ ఒక నంబరు, మూడు కొలతల్లో స్థానం, తల ఏ వైపు ఉంది, ఎంత వాలింది అన్నది నమోదు కావాలి. ఇది తప్పితే మిగిలేది ఇనుప తుక్కు. నాలుగోది భద్రపరచడంలో జరుగుతుంది. బయటికి తీసిన ఇనుమును ఊరికే ఆరబెడితే లోపలి క్లోరైడ్ లవణాలు తేమతో కలిసి కొన్ని నెలల్లోనే దాన్ని పగలగొడతాయి. అందుకే క్షార ద్రావణంలో నానబెట్టి లవణాలు లాగేస్తారు, లేదంటే పొడి గాలిలో మూసి ఉంచుతారు. లాడ్బీలో రివెట్లను కదపకుండా ఓడ ముద్రను ఉన్నచోటే ఉంచి, పైన కప్పు కట్టి మ్యూజియం చేశారు. కదపకపోవడం మంచి నిర్ణయమని నా అభిప్రాయం. వెయ్యి రివెట్లు పెట్టెల్లోకి పోయాక ఆ ఆకారాన్ని మళ్లీ పూర్తిగా చూడలేం.

తవ్వకముందే ఓడ ఉందని తెలుసుకునే పద్ధతి ఇప్పుడు చాలా ముందుకు పోయింది. భూమిలోకి తరంగాలు పంపే జియోరాడార్‌ను చిన్న వాహనానికి తగిలించి పొలమంతా దగ్గర దగ్గర గీతల్లో నడిపిస్తారు. మట్టి మారినచోట తరంగం తిరిగి వస్తుంది. లోతు లోతుకూ ఒక పటం తయారవుతుంది. 2018లో నార్వేలో హాల్డెన్ దగ్గరి యెల్లెస్టాడ్‌లో రైతు మురుగు కాలువ తవ్వుకోవడానికి అనుమతి కోరడంతో ముందుగా ఈ సర్వే చేశారు. దున్ని చదునైపోయిన దిబ్బ కింద సుమారు 20 మీటర్ల ఓడ కనిపించింది. మరుసటి ఏడు స్మోలా దగ్గర ఎడోయ్‌లో ఇంకో ఓడ. తడి బంకమన్ను మాత్రం తరంగాలను మింగేస్తుంది, లోతు చూడనివ్వదు. అలాంటి చోట్ల, ఇనుము ఉందని అనుమానం ఉన్నప్పుడు, అయస్కాంత సర్వే తోడు కావాలి. రాడార్ పటంలో ఓడ ఆకారం చక్కగా కనిపించినంత మాత్రాన చెక్క బాగున్నట్టు కాదు, అక్కడ మట్టి రంగు తేడా ఒక్కటే మిగిలి ఉండొచ్చు. యెల్లెస్టాడ్‌లో ఇదే తేలింది. పాత మురుగు కాలువ ఓడ మీదుగానే పోయింది, మట్టి ఆరి గాలి చొరబడింది, ఫంగస్ పట్టింది. వదిలేస్తే మిగిలిన కాస్తా పోతుందని నార్వే ప్రభుత్వం 1.56 కోట్ల క్రోనర్లు కేటాయించి 2020లో తవ్వకం మొదలుపెట్టించింది. నార్వేలో వందేళ్లకు పైగా గడిచాక తవ్విన వైకింగ్ ఓడ అది. చెక్క చాలావరకు పోయింది, రివెట్లు మాత్రం వెయ్యికి పైగా దొరికాయి.

అలాంటి చోట పని ఇలా సాగుతుంది. ముందు దున్నిన పైపొర తీస్తారు, ఓడ గొయ్యి అంచు రంగు తేడాతో బయటపడుతుంది. మీద గుడారం వేస్తారు, ఎండ తగిలితే తడి చెక్క గంటల్లో పగుళ్లిస్తుంది. మట్టిని కొన్ని సెంటీమీటర్ల చొప్పున గీకుతూ, ప్రతి పొరకూ మెటల్ డిటెక్టర్ తిప్పుతూ, నిలువు కోత గోడలు కొన్ని వదులుతూ దిగుతారు. ఆ గోడల్లోనే దొంగల సొరంగం, ఎలుకల కన్నాలు, కూలిన గది కప్పు కనిపిస్తాయి. చెక్క మీద నీళ్లు చిలకరిస్తూ ఉంటారు. విడదీయలేని భాగాన్ని మట్టితో సహా పెద్ద దిమ్మగా కోసి, ప్లాస్టర్ కట్టి, ప్రయోగశాలకు తీసుకెళ్లి సీటీ స్కాన్ చేస్తారు. మట్టిని పారేయరు. నీళ్లలో కలిపితే గింజలు, బొగ్గు పైకి తేలతాయి, వాటిని సన్నటి జల్లెడలో పడతారు. పుప్పొడికి విడిగా నమూనాలు తీస్తారు.

రెండో ప్రశ్న తేదీలది. దీనికి బలమైన ఆధారం చెట్టు వలయాలు. ఓక్ మానులో ఏటా ఒక వలయం పెరుగుతుంది, వానలున్న ఏడు వెడల్పు, కరువు ఏడు సన్నం. ఒక ప్రాంతపు చెట్లన్నిటిలోనూ ఆ వరస ఒకేలా ఉంటుంది. తేదీ తెలిసిన వరసతో పోల్చి జతపరిస్తే సంవత్సరం వస్తుంది. చిక్కు ఎక్కడంటే, ఓడ పలకలకు మానును నిలువునా చీల్చి చేవ మాత్రమే వాడేవారు, త్వరగా పుచ్చే మెత్తటి పైచెక్కను చెక్కేసేవారు. బెరడు దగ్గరి వలయాలు పోతే చెట్టు నరికిన సంవత్సరం తెలియదు, “ఇంతకు ముందు కాదు” అని మాత్రమే చెప్పగలం. అందుకే ఓసెబర్గ్ ఓడ కట్టిన కాలం “820 ప్రాంతం” అంటారు. శవాల కోసం ఓడ మీద కట్టిన గది దుంగల సంగతి వేరు. వాటిని తొందరగా నరికి తెచ్చి వాడారు, బెరడు అంచు మిగిలింది. అవి 834లో నరికినవని తేలింది. ఓడకు, అంత్యక్రియలకు మధ్య సుమారు పద్నాలుగేళ్ల తేడా. తెరచాప కొయ్యను పట్టి ఉంచే దిమ్మ పగిలితే ఇనుప పట్టీలతో బిగించిన గుర్తు కూడా ఆ ఓడలో ఉంది. అంటే అది నీళ్ల మీద నిజంగా వాడిన ఓడే. వలయాల వరస పోల్చినప్పుడు ఇంకొకటి తెలిసింది. ఆ మాను నైరుతి నార్వేది. ఓడ అక్కడ కట్టి, దాదాపు తీరం చుట్టూ తిరిగి తూర్పుకు వచ్చింది.

అదే నైరుతి తీరంలో ఆవల్డ్‌స్నెస్ దగ్గర స్టోర్‌హౌగ్ దిబ్బను 1886లో తవ్వారు. దాని సమాధి 779 నాటిదని చాలాకాలం తర్వాత, మ్యూజియంలో దాచిన చెక్క వల్లే తెలిసింది. తవ్వినప్పుడు పనికిరాని ముక్కలనుకుని పారేయకపోవడం ఎంత మేలు చేసిందో ఇందులో చూడొచ్చు.

చెక్క లేనిచోట రేడియోకార్బన్ పద్ధతి వాడతారు, అంటే ఎముక లాంటివాటిలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి వయసు కడతారు. ఎముకతో జాగ్రత్త అవసరం. సముద్రపు నీటిలో పాత కార్బన్ ఉంటుంది, చేపలు బాగా తిన్న మనిషి ఎముక అసలు కంటే వందేళ్ల పైన పాతదిగా కనిపించవచ్చు. అతని తిండి ఏమిటో ఎముకలోని ఐసోటోపులతో (ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువులు) తేల్చి, తేదీని సరిచేయాలి. అది చేయకుండా వచ్చిన తేదీని నమ్మకండి.

మనుషుల దగ్గరికి వద్దాం. ఓసెబర్గ్‌లో ఇద్దరు స్త్రీలు. పెద్దావిడకు 70 దాటి ఉంటాయి, బహుశా క్యాన్సర్‌తో పోయింది. రెండో ఆమెకు సుమారు 50. ఆమె మెడ కింది అడ్డ ఎముక (కాలర్‌బోన్) విరిగి ఉండటంతో బలి ఇచ్చారని ఒకప్పుడు అనుకున్నారు. మళ్లీ పరీక్షిస్తే విరుగు అప్పటికే కొన్ని వారాలుగా అతుక్కుంటున్నట్టు తేలింది. ఆ ఒక్క పరిశీలనతో బలి కథకు ఆధారం పోయింది. గోక్‌స్టాడ్ మనిషిది దీనికి తలకిందులు. అతని కాళ్ల ఎముకల మీద నరికిన గాట్లున్నాయి, ఒక్కటీ మానలేదు. పోరులో డాలు కిందుగా, కాళ్ల మీద పడ్డ దెబ్బలవి.

ఎస్టోనియాలోని సాల్మేలో 2008లో కేబుల్ కోసం తవ్వుతుంటే చిన్న పడవ, 2010లో పక్కనే పెద్ద ఓడ బయటపడ్డాయి. చిన్నదానిలో 7 మంది, పెద్దదానిలో 34 మంది, అందరూ మగవాళ్లు, కాలం 750 ప్రాంతం. పెద్ద ఓడలో శవాలను వరసల మీద వరసలుగా పేర్చి, కత్తులు, డాళ్లు, జూదపు పావులు పెట్టారు. పంటి ఎనామిల్ చిన్నతనంలో ఏర్పడి మళ్లీ మారదు. అందులోని స్ట్రాన్షియం అనే మూలకం ఆ మనిషి పెరిగిన నేల రాళ్లను చూపిస్తుంది. ఆ పళ్లు మధ్య స్వీడన్‌ను చూపించాయి. డీఎన్‌ఏ చూస్తే పక్కపక్కనే పడుకోబెట్టినవాళ్లలో నలుగురు సొంత అన్నదమ్ములు. శవాలను పక్కపక్కన పేర్చినవారికి ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుసన్నమాట. ఇంత తెలియడానికి బంగారం అక్కరలేదు, ఏ ఎముక ఎక్కడ ఉందో తప్పులేకుండా గీసిన పటం చాలు. పాత తవ్వకాల ఎముకల డీఎన్‌ఏ విషయంలో మాత్రం తొందర వద్దు. ఓసెబర్గ్ ఎముకలను ఎంతోమంది చేత్తో పట్టుకున్నారు, 1948లో మళ్లీ పాతిపెట్టారు, 2007లో బయటికి తీశారు. చిన్నావిడ పూర్వీకులు నల్లసముద్రం వైపువారన్న వార్త ఈ నేపథ్యంలో వచ్చిందే. బయటి డీఎన్‌ఏ కలిసే అవకాశం ఉన్నచోట దాన్ని ఖాయం చేసుకోకూడదు.

జంతువులు, మొక్కలు రుతువును చెబుతాయి. ఓసెబర్గ్ ఆపిల్ కాయలు శరదృతువు ఆనవాలు. 15 గుర్రాలు, కుక్కలు, పశువులు అక్కడ బలి అయ్యాయి. ఓడ వెనక భాగంలో వంట సామాను, ముందు భాగంలో ప్రయాణపు సామాను సర్దారు. ఓడను మోకుతో పెద్ద బండరాయికి కట్టేశారు. బయల్దేరడానికి సిద్ధం చేసి కదలకుండా కట్టడం ఏమిటన్నది ఇంకా వాదనలో ఉంది. వందకు పైగా పట్టు పీలికలు కూడా దొరికాయి, అవి తూర్పు నుంచి వ్యాపారంలో వచ్చినవి. గోక్‌స్టాడ్‌లో 12 గుర్రాలు, రెండు వేట డేగలతో పాటు రెండు నెమళ్లు ఉన్నాయి. మన ఉపఖండపు పక్షి 900 ప్రాంతంలో నార్వే సమాధికి చేరిందంటే మధ్యలో ఎన్ని చేతులు మారి ఉంటుందో!

దొంగల సంగతి. వాళ్లు సమాచారాన్ని పూర్తిగా చెరిపేశారన్నది సరికాదు. ఓసెబర్గ్, గోక్‌స్టాడ్ దిబ్బల్లో వాళ్లు వదిలేసిన చెక్క పారలు దొరికాయి. వాటి వలయాలతో ఆ రెండు దాడులూ 953–975 మధ్య జరిగాయని 2012లో పరిశోధకులు యాన్ బిల్, ఇఫా డేలీ చూపించారు. అది డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లూటూత్ నార్వే మీద పట్టు బిగించిన కాలం. పైగా వాళ్లు రాత్రిపూట చిన్న కన్నం వేసి పారిపోలేదు. దూరానికి కనిపించేంత వెడల్పైన కందకం తవ్వారు, ఓసెబర్గ్‌లో స్త్రీల ఎముకలను గదిలోంచి ఈడ్చి సొరంగంలో పడేశారు. పాత రాజవంశపు పెద్దలను అవమానించి వారసుల హక్కును దెబ్బతీయడమే ఉద్దేశమన్న వాదనను నేను నమ్ముతాను. నగల కోసమైతే ఎముకలను ఈడ్చే శ్రమ అక్కర్లేదు.

తవ్వాక జరిగే నష్టం ఒక్కోసారి దొంగల కంటే ఎక్కువ. 1900ల మొదట్లో ఓసెబర్గ్‌లోని తడి చెక్క వస్తువులను కుంచించుకుపోకుండా పటిక ద్రావణంలో సుమారు 90 డిగ్రీల వేడిలో ఉడికించారు. పటిక పైపొరలోకే ఇంకింది. ఆ వేడిలో సల్ఫ్యూరిక్ ఆమ్లం పుట్టి, వందేళ్లుగా లోపలి చెక్కను తింటూ వచ్చింది. పీహెచ్ 1 దాకా, అంటే తీవ్రమైన ఆమ్లం స్థాయికి దిగజారిన ముక్కలున్నాయి. పైన అవిసె నూనె, వార్నిషు పూసి ఉండటంతో చెక్కిన స్లెడ్జిలు బయటికి గట్టిగా కనిపిస్తాయి, లోపల పొడి. ఆమ్లాన్ని తటస్థం చేసి లోపలి చెక్కను మళ్లీ గట్టిపరిచే పదార్థాల కోసం 2014 నుంచి ఓస్లోలో ప్రత్యేక పరిశోధన నడిచింది. ఓడ అదృష్టం కొద్దీ దాని ఓక్ పలకలకు పటిక పెట్టలేదు, నెమ్మదిగా ఆరబెట్టి నూనె పట్టించారు. ఇప్పటి పద్ధతిలో నీటితో నిండిన చెక్కలోకి పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని మెల్లగా ఎక్కించి, తర్వాత చలిలో గడ్డకట్టించి ఆరబెడతారు. పెద్ద ఓడలకు దీనికి ఏళ్లు పడుతుంది.

ఓడను మళ్లీ కూర్చడంలోనూ తప్పు దొర్లుతుంది. ఓసెబర్గ్ ముక్కలను అతికినప్పుడు ఒంగిపోయినవాటిని ఉన్న ఆకారానికి సర్దేశారు. ఆ కొలతలతో 1980లలో కట్టిన పూర్తి పరిమాణపు నమూనా తెరచాప పరీక్షల్లో మునిగిపోయింది. ఈ ఓడ సముద్రానికి పనికిరాదు, ఊరేగింపులకే అని ఆ తర్వాత చాలామంది అన్నారు. పలకలను లేజర్‌తో ఒక్కొక్కటిగా స్కాన్ చేసి, విరుగులను, ఒంపులను లెక్కగట్టి మళ్లీ గీస్తే, ముందు భాగంలో అడుగు పలకల వంపు వేరని తేలింది. ఆ గీతతో కట్టిన నమూనా 2012లో తోన్స్‌బర్గ్‌లో నీళ్లలోకి దిగి బాగానే నడిచింది. తప్పు ఓడ కట్టినవారిది కాదు, ముక్కలు అతికినవారిది.

ఇంత తెలిశాక దిబ్బలన్నీ తవ్వేయొచ్చు కదా అనిపిస్తుంది. ఆవల్డ్‌స్నెస్ పక్కనే సాల్హుస్‌హౌగ్ అనే దిబ్బను పురావస్తు శాస్త్రజ్ఞుడు హాకోన్ షెటెలిగ్ వందేళ్లకు పైగా కిందటే తవ్వి, చెక్క పారలు, బాణపు ములుకులు తప్ప ఏమీ లేవని ఆపేశాడు. 2022లో జియోరాడార్ నడిపితే అతను ఆగిన పొర కిందే సుమారు 20 మీటర్ల ఓడ ఆకారం కనిపించింది. అలాంటి చోట ముందు చూడాల్సింది భూగర్భ నీటి మట్టం, మట్టిలోని ఆక్సిజన్, ఫంగస్. నీటిమట్టం చెక్క పైన నిలిచి ఉన్నంతవరకు ఓడకు నేలే భద్రమైన చోటు. మట్టం దిగుతోందని కొలతలు చెప్పినప్పుడు, చెక్కను భద్రపరచడానికి తొట్లు, డబ్బు, మనుషులు ముందే సిద్ధంగా ఉన్నప్పుడు మాత్రమే పార పట్టాలి.